అపొల్లోనియా ముఖం మీద గార

రోక్కస్పీనా కొండమీద సెత్తిమియో మెత్తిన గోడ ఒక్కటీ ఊడి ఎరగదు. సున్నపు బట్టీవాడి కొడుకు. నడక వచ్చిన నాడే సున్నం చురుకు తెలిసింది. నడివయసు రాకముందే అరచేతులు బీడునేలలా పగిలాయి. ఊళ్లు తిరిగే చిత్రకారులు చర్చి గోడల మీద బొమ్మలు వేసేది తడి గారమీదే. చిత్రకారుడు పొద్దుగూకేలోగా ఎంత వేయగలడో అంత మేరే పొద్దున్నే గార మెత్తాలి. ఎక్కువ మెత్తితే ఆరిపోతుంది, రంగు పొట్టులా రాలుతుంది. బొమ్మ కింద చిత్రకారుడి పేరుంటుంది. మెత్తినవాడి పేరు ఏ గోడమీదా ఉండదు. గారే లేకపోతే ఆ దేవదూతలు ఎక్కడ వేలాడేవారో ఎవరికీ అక్కర్లేదు.

అతని పెళ్లయిన ఏడాది ఒక చిత్రకారుడు వచ్చి చర్చిలో పునీత అపొల్లోనియాను వేశాడు. పంటినొప్పులు తీర్చే తల్లి ఆమె. ముఖం చూసి వేయడానికి ఒక ఆడమనిషి కావాల్సివస్తే, మొగుడికి రొట్టె, జున్ను తెచ్చిన పచీఫికాను గోడ పక్కన నిలబెట్టాడు. ఇంట్లో పొయ్యి ఆరిపోతోందని ఆమె సణుగుతూనే నిలబడింది. మరుసటి చలికాలం పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. పేదవాళ్ల గోతికి రాయి వేయరు. సెత్తిమియోకు మిగిలింది గోడమీది ఆ ముఖమే. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా తాపీ కడుక్కుంటూ లేచిపోయేవాడు.

పంటినొప్పి వచ్చినవాళ్లు ఆ గోడకు చెంప ఆనించేవాళ్లు. పచీఫికా తమ్ముడు ఒరెస్తె బావ దగ్గరే ఇసుక జల్లెడపట్టేవాడు. "బతికున్నప్పుడు మా అక్కకి పన్ను సలిపితే ఊరంతా నిద్ర లేచేది. ఇప్పుడు ఊరి పళ్లన్నీ ఆవిడ నెత్తినేసుకుంది!" అని నవ్వేవాడు.

సెత్తిమియో జుట్టు నెరిశాక దోన్ ఎవుసేబియో అనే కొత్త ఫాదర్ వచ్చాడు.

"ఈ బొమ్మ చూస్తే మనది ఎంత మారుమూలో తెలిసిపోతోందయ్యా. పట్నంలో ఇప్పుడంతా మేఘాలు, దేవదూతలు. దీనిమీద కొత్త గార మెత్తు. చిత్రకారుడికి కబురు పెట్టేశాను."

"పక్క గోడ ఖాళీగానే ఉంది కదండీ, ఫాదర్."

"అక్కడ వెలుగేదీ?"

పాత గోడమీద కొత్త గార పట్టాలంటే ముందు సుత్తితో గోడంతా గాట్లు పెట్టాలి. సెత్తిమియో అంచు నుంచి మొదలుపెట్టాడు. బొమ్మలోని అంగీ, చేతులు, పన్ను పట్టుకున్న పటకారు, అన్నిటిమీదా గాట్లు పడ్డాయి. ముఖం దగ్గర సుత్తి ఆగిపోయింది.

కింద నుంచి ఒరెస్తె చూశాడు. "బావా, మొహం వదిలేశావేంటి?"

"గార కలుపు."

"నున్నటి చోట పట్టదని నాకు నేర్పింది నువ్వే. రేపు దేవదూత ఎవరి నెత్తినో కూలితే?"

"కలపమన్నానా!"

ఒరెస్తె ఇసుకలో సున్నం కలిపాడు. ఆ మొహం వాడి అక్కది కదా.

చిత్రకారుడు వచ్చి వేసిన మేఘాలు బాగానే కుదిరాయి. రెండు చలికాలాలు గడిచాయి. ఈస్టర్ తర్వాత ఒక ఆదివారం, పాట మధ్యలో, ఒక మేఘం దబ్బున ఊడి నేలమీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము అణిగాక వెనక బెంచీలోంచి ఒక ముసలామె, "అయ్యో, పచీఫికా!" అంది.

సెత్తిమియో దగ్గరికెళ్లి చూశాడు. కళ్లున్నాయి, నుదురుంది. నోరు లేదు. ఊడిన గార పెదవుల్నీ గడ్డాన్నీ అంటించుకుని వచ్చేసింది. కాపాడాననుకున్న చోటే తన చేతి గార ఆమెను ఒలుచుకుపోయింది. వంగి ఒక పెంకు తిప్పాడు. రంగు వేళ్లకు పొడిగా అంటింది.

"నీ గోడా ఊడటం?" అన్నాడు దోన్ ఎవుసేబియో. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"ఆ చోట నేను గాట్లు పెట్టలేదు ఫాదర్. నా పెళ్లాం మొహం."

ఫాదర్ గోడవైపు తిరిగాడు. "ముందే చెప్పొద్దూ... పోనీ, గాట్లు పెట్టి మళ్లీ మెత్తడానికి పొరుగూరి మేస్త్రిని పిలిపిస్తాను. నీవల్ల కాదులే."

"వాడి సుత్తి దాని మొహమ్మీద పడ్డానికి వీల్లేదు. నేనే చేస్తా."

మర్నాడు పరంజా కట్టారు. సెత్తిమియో గోడ తడిపాడు. తడికి కళ్లు కొత్తవాటిలా మెరిశాయి.

"నెమ్మదిగా బావా," అన్నాడు ఒరెస్తె కిందినుంచి.

"మీ అక్క నన్నెప్పుడు నెమ్మదిగా ఉండనిచ్చిందిరా? 'తెమలవేంటయ్యా' అనేది."

ఒరెస్తె నవ్వబోయి ముక్కు తుడుచుకున్నాడు. సెత్తిమియో మొదటి గాటు నుదుటి పక్కన పెట్టాడు. తర్వాత బుగ్గమీద. కళ్లు చివరికి ఉంచాడు. వాటిమీదా కొట్టాక, పొడి రాలకుండా అరచెయ్యి కాసేపు అక్కడే ఆనించి, తాపీ అందుకున్నాడు.