నీసూన్ రాజారావు

రైల్లో "తర్వాతి స్టేషన్ ఇషున్" అని వినబడగానే రాజారావు బట్టతల ఎర్రబడుతుంది. "నీసూన్!" అని పెట్టె దద్దరిల్లేలా అరుస్తాడు. వైటూకే కంప్యూటర్ పనికని ఈ దీవిలోని రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులకు వచ్చిన తెలుగు కుర్రాళ్లెవరైనా ఉలిక్కిపడి చూస్తే ఇక వాళ్ల మీదే విరుచుకుపడతాడు. "నీసూన్ అంటే ఊరు కాదయ్యా, మనిషి! మా నాన్న పాలు గీసిన రబ్బరు తోటల చీనా ఆసామి. వాళ్లమ్మ తన యాసలో పిలిచిన పేరునే ఇంగ్లీషులో రాసి ఊరికి పెట్టారు. తర్వాత గవర్నమెంటోళ్లు మాండరిన్ చీనా ఉచ్చారణకి మార్చి ఇషున్ చేశారు. మీ పేరిలా మారిస్తే ఊరుకుంటారా?"

మొన్న మధ్యాహ్నం భార్య చాముండేశ్వరి స్నానాలగదిలో జారిపడింది. చీలమండ వాచిపోయింది. రాజారావు టాక్సీకి ఫోన్ చేసి, ఇల్లు నీసూన్‌లో అన్నాడు.

"నీసూన్ అంటే కంప్యూటర్ తీసుకోవడం లేదు అంకుల్. కొత్త స్పెల్లింగ్ చెప్పండి లా" అంది అవతలి పిల్ల, ఇక్కడివాళ్ల అలవాటుగా చివర 'లా' తగిలించి.

"తీసుకోకపోతే పగలగొట్టు దాన్ని!"

లోపల చాముండేశ్వరి మూలిగింది. రాజారావు పళ్లు కొరికాడు. "వై, ఐ, ఎస్, హెచ్, యూ, ఎన్" అని ఒక్కో అక్షరం ఉమ్మినట్టు చెప్పి, చివరికి "ఇషున్!" అన్నాడు.

టాక్సీలో ఆమె నొప్పిలోనే నవ్వింది. "మీ నోట ఆ మాట విని, నా పని అయిపోయిందేమో అనుకున్నా."

రాజారావు నవ్వలేదు. పిడికిలితో తన తొడ మీదే ఒక్క గుద్దు గుద్దుకున్నాడు.

"నాన్న ఉంటే నన్ను తన్నేవాడు."