మారెక్క తాగే మొదటి ముంత

మారెక్క నోటికి ఊరంతా జడిసేది. ఆమె దగ్గర ఉన్న ఆస్తి కూడా ఆ నోరొక్కటే. అనంతపురం జిల్లా తనకల్లు దాటి కొండల వైపు పోతే వచ్చే ఆ చిన్న ఊళ్లో వానలు ముఖం చాటేసి ఏళ్లు గడిచాయి. బావుల్లో అడుగున బురద కూడా ఆరిపోయింది. గొడ్లను ఊరికే తోలుకుపొమ్మన్నా కసాయివాడు వద్దని వెళ్లిపోయిన ఎండాకాలం అది, పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం.

అప్పుడే బడి వసారా పక్కన సర్కారు గంజి కేంద్రం తెరిచింది. దాన్ని చూసుకునే శివప్ప పక్క ఊరివాడు, కేకలు వేయడం చేతకాని మెత్తటి మనిషి. జనాన్ని అదుపులో పెట్టాలంటే మారెక్కే సరి అని ఆమెను వంటకు పెట్టుకున్నాడు. ఆమెకు తోడుగా హనుమక్క అనే కొత్త కోడల్ని పెట్టాడు. వండినందుకు సాయంత్రం ఇద్దరికీ చెరొక పడి జొన్నలు. మారెక్క మొగుడు నల్లప్ప చెరువు కట్ట పనిలో పాదం మీద రాయి పడి, అది నుజ్జయి ఇంట్లో కూర్చున్నాడు. ఆ పడి జొన్నలతోనే మొగుడూ, ఇద్దరు ఆడపిల్లలూ రాత్రిపూట ఏదో ఒకటి తినేవాళ్లు.

మొదటిరోజు గంజి తాగడానికి ఎవరూ రాలేదు. ఆ జొన్నలు ఓడల మీద ఎక్కడినుంచో వచ్చినవి, ఎర్రగా, మన జొన్నల్లా లేవు. అవి తింటే ఆడవాళ్లకు కడుపు పండదనీ, మగవాళ్లకు నడుములు వంగిపోతాయనీ ఎవరో పుట్టించారు. ఆకలితో కళ్లు గుంటలు పడ్డ జనం దూరంగా నిలబడి గంజి కాగే పెద్ద కొప్పెర వైపు చూస్తున్నారే తప్ప ఒక్కడూ ముందుకు రాడు. మారెక్కకు ఒళ్లు మండింది. ముంత నిండా గంజి ముంచి, అందరి ఎదుటా గడగడా తాగి, ముంత బోర్లించి చూపింది.

"సూడండప్పా! సచ్చినానా? ఇంగ రాండి, నాటకాలు సాలు."

జనం వచ్చారు. కానీ ఆ రోజు నుంచి అదొక కట్టడి అయిపోయింది. వండినామె ముందు ముంత నిండా తాగాలి, తాగి ముంత బోర్లించాలి, అప్పుడే వరస కదులుతుంది. ఒకరోజు ఆమె మరిచిపోతే వరసలో మొదట నిలబడే పుల్లన్న తాత చేతికర్ర నేలకేసి కొట్టి గుర్తుచేశాడు. అప్పట్లో మారెక్కకు అది గర్వంగానే ఉండేది.

ఆ ఎండాకాలం నడుమకు వచ్చేసరికి ఆమెకు తలనొప్పి పట్టుకుంది. మెడ వెనక మొదలై మాడు దాకా పాకేది. పొయ్యి దగ్గర వంగి లేస్తే కళ్ల ముందు చీకట్లు కమ్మేవి. రెండుసార్లు ముక్కు వెంట రక్తం కారింది. వేడి చేసింది అనుకుంది, ఆ సీమలో ఎవరైనా అలాగే అనుకుంటారు. వేడికి ఆ ఊళ్లో అందరికీ తెలిసిన మందు ఒకటే: అంబలిలో దండిగా ఉప్పేసుకుని తాగడం. నొప్పి పెరిగినకొద్దీ మారెక్క ఉప్పు పెంచింది. పాపం, తన చేత్తో తానే ఏం చేసుకుంటోందో ఆమెకేం తెలుసు!

కలరా సూదులు వేయడానికి జీపులో డాక్టరు వచ్చినప్పుడు సంగతి బయటపడింది. సూదికి చెయ్యి చాపి నిలబడ్డ మారెక్క ముక్కు నుంచి రక్తం బొట్టుబొట్టుగా ఆయన చేతి మీద పడింది. డాక్టరు సూది పక్కన పెట్టి, పెట్టెలోంచి పాదరసం గొట్టం తీసి, ఆమె దండచేతికి గుడ్డపట్టీ చుట్టి గాలి కొట్టాడు. చూశాడు. రెండో చేతికి చుట్టి మళ్లీ చూశాడు. తరువాత ఆమెను వేపచెట్టు చాటుకు పిలిచాడు.

"అమ్మా, నీకు రక్తపోటు చాలా ఎక్కువగా ఉంది. ఇంత ఉన్న మనిషి నిలబడి మాట్లాడటమే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇలాగే వదిలేస్తే తలలో నరం చిట్లుతుంది. కాలూ చెయ్యీ పడిపోతాయి, లేదంటే ప్రాణమే పోతుంది."

"వేడి కాదా సామీ?"

"వేడి కాదు. ఇవాల్టి నుంచి ఉప్పు ముట్టకు. పొయ్యి దగ్గర ఉండకు. అనంతపురం పెద్దాసుపత్రికి వస్తే మంచం ఇస్తారు, మందులు మాత్రం బయట కొనుక్కోవాలి. ఎన్నాళ్లు వాడాలంటే, బతికినన్నాళ్లూ."

మారెక్క నవ్వింది. నవ్వు రాక నవ్వింది. "నేను మంచమెక్కితే నా పిల్లోల్లకు గంజి ఎవురు పోస్తారు సామీ?" అంది. ఆయన తన సంచిలో ఉన్న మాత్రలన్నీ పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టాడు. శివప్పకు మాత్రం చెప్పొద్దని ఆమె ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. అంతకుముందే నీళ్లు మోసే ఒకామె దగ్గుతోందని ఆమెను శివప్ప వంట దగ్గర్నుంచి తీసేశాడు. రోగం ఉన్న చెయ్యి కొప్పెరలో పడకూడదని పైవాళ్ల ఆజ్ఞ.

ఆ రాత్రి ఆమె ఉప్పు లేని సంగటి పెట్టుకుంటే నల్లప్ప ముద్ద పక్కన పెట్టేశాడు. వాళ్లలో చప్పిడి కూడు తినేది ఇంట్లో మనిషి పోయినప్పుడే.

"ఎవురు సచ్చినారని చప్పిడి తింటాండావు మే?"

"ఎవురూ సావకూడదనే తింటాండా" అని మొత్తం చెప్పేసింది. నల్లప్ప పని మానుకో అన్నాడు. మానుకుంటే పిల్లలు ఏం తింటారో నువ్వే చెప్పు అంది. అతను కుంటి కాలు మీద కోపమొచ్చి దాన్నే గుద్దుకున్నాడు.

మాత్రలు ఎక్కువ రోజులు రావాలని ఆమె ఒక్కోదాన్ని రెండు ముక్కలు చేసి వేసుకుంది. అయినా పొట్లం అయిపోయింది. ఇంట్లో ఉప్పు మానేసింది, బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం అందరి ఎదుటా తాగే ఆ ముంత ఉందే! అదేమో ఉప్పు గంజి, ముంత నిండా. ముంత ఎత్తిన ప్రతిసారీ ఇదే ఆఖరిదేమో అనుకునేది. ఆమె బదులు తాగమని హనుమక్కను అడిగి చూసింది.

"నన్ను అడగొద్దక్కా. పెళ్లయి ఏడాదాయె, కడుపు పండలేదు. రేపు పండకుంటే ఆ గంజి ముందు తాగినందుకే అంటారు" అని ఆ పిల్ల చేతులెత్తేసింది.

చివరికి మారెక్కకు ఒక ఉపాయం తోచింది. గంజి చప్పగా కాచాలి. చప్పటి గంజి తాను తాగి ముంత బోర్లించాలి. ఆ తరువాత కొప్పెరలో ఉప్పు వెయ్యాలి. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని తన బుర్రను తానే తిట్టుకుంది.

మరుసటి రోజు అలాగే చేసింది. చప్పటి గంజి గొంతులోంచి దిగుతుంటే హాయిగా అనిపించింది. ముంత బోర్లించి, మూలనున్న కుండలోంచి రెండు దోసిళ్ల కల్లుప్పు తెచ్చి కొప్పెరలో పోసి, తెడ్డుతో కలియతిప్పింది.

పుల్లన్న చేతికర్ర నేలను తాకింది.

"ఆగు మే! నువ్వు తాగినాక ఏం ఏసినావు?"

"ఉప్పు తాతా."

"ఇన్నాళ్లూ ముందే ఏస్తాంటివి గదా. ఈ పొద్దు తాగినాక ఏంటికి ఏసినావు?"

మారెక్క నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె నోరు మూగబోవడం ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు, అదే అందర్నీ భయపెట్టింది. తాను తాగాక ఏదో కలిపి మాకు పోస్తోంది అన్న మాట వరస చివరిదాకా పాకిపోయింది. ఎవరో సత్తు గిన్నె విసిరికొట్టారు. కొప్పెర బోర్లించండి అని వెనకనుంచి మొగవాళ్లు తోసుకొస్తున్నారు. వసారాలోంచి శివప్ప పరుగెత్తుకొచ్చాడు. నిజం చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఊరంతటి గంజి నేలపాలవుతుంది.

ఆలోచించే తీరిక లేదు. మారెక్క ముంత ముంచి, ఆ ఉప్పు గంజిని కాలుతుండగానే గటగటా తాగేసింది. ముంత బోర్లించబోయింది. మాడు పగిలిపోతున్నట్టయింది. చెవుల్లో హోరు. పెదవి మీద వెచ్చగా ఏదో తగిలింది, చూస్తే ముంత మీద ఎర్రటి చుక్కలు.

"ఇసం! ఇసం ఏసినారు!" అని ఆడవాళ్లు గొల్లుమన్నారు. తల్లులు పిల్లల చేతుల్లోని గిన్నెలు లాగి పారేశారు. వరస చెల్లాచెదురయింది.

మారెక్క వసారా స్తంభం పట్టుకుని నిలబడింది. ఇక దాచి లాభం లేదు.

"ఇసం కాదు, నా రోగం!" అని అరిచింది. "నాకు నెత్తురు పోటు ఉండాది. ఉప్పు తింటే సస్తానని డాక్టరు చెప్పినాడు. దినామూ మీ ముందర నేను తాగేది నా సావునే. అందుకే ఈ పొద్దు చప్పిడిది తాగి, తరువాత ఉప్పేసినా. పని పోతాదని చెప్పలేదు. ఇదే నేను చేసిన మోసం."

 వెనకనుంచి ఒక గొంతు, "అట్లయితే రేపట్నుంచి ఎవురు తాగేది? నువ్వు తాగితేనే మేము తాగేది" అంది.

ఆ మాటతో మారెక్కకు తిక్క రేగింది. "అయితే నేను సచ్చిందాకా తాగమంటారా? నేను సచ్చినాక నా పిల్లోల్లను తాగమంటారా? చెప్పండ్రా!"

పుల్లన్న తలొంచుకున్నాడు. ఆ పూట కొందరే గిన్నెలు పట్టారు. సగం కొప్పెర గంజి అలాగే చల్లారిపోయింది, అంత కరువులో. శివప్ప ఆమె ముఖం చూడకుండా చెప్పాడు: "మారెక్కా, రోగం సంగతి తరువాత. రేపు వరస కదిలితే ఉండు. కదలకుంటే నేనేం చేసేకి లేదు, వేరేవాళ్లను పెట్టుకోవల్ల."

రాత్రంతా నల్లప్ప, పిల్లలూ ఆమె పక్కనే కూర్చున్నారు. ఎవరికీ నిద్ర పట్టలేదు. తెల్లారాక ఆమె లేచి నిలబడగలిగింది. రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించి చూసుకుంది. ఆడాయి. నల్లప్ప వద్దంటున్నా వినకుండా బయలుదేరింది.

పొయ్యి పని హనుమక్క తీసుకుంది. మంట దగ్గరకు రాకక్కా, నువ్వు దూరంగా కూర్చుని చెప్పు, నేను చేస్తా అంది. రుచి చూడకుండా వండటం మారెక్కకు అదే మొదలు. ఉప్పు ఎంత పడాలో చేతి అంచనాతో చెప్పింది. మధ్యాహ్నానికి జనం వచ్చారు కానీ వరస కట్టలేదు, గుంపుగా నిలబడ్డారు. మారెక్క ముంత చేతిలో పట్టుకుని నిలబడింది. గుంపు ఆమెను చూస్తోంది. వసారాలోంచి శివప్ప చూస్తున్నాడు.

పుల్లన్న కర్ర ఊతగా ముందుకు వచ్చాడు. ఆమె చేతిలోని ముంత లాక్కున్నాడు.

"గంజి పొయ్యి మే."

"తాతా?"

"పొయ్యి అంటాండా. దీన్ని తాగితే నడుము వంగుతాది అంటారు గదా. నాది ఎప్పుడో వంగింది. ఇంగ వంగేకి ఏముండాది?"

ఎవరో నవ్వారు. హనుమక్క ముంత నిండా పోసింది. ముసలాయన ఆగి ఆగి, దమ్ము తీసుకుంటూ, చివరి చుక్కదాకా తాగాడు. ముంత బోర్లించి గుంపు వైపు తిప్పి చూపాడు. తరువాత మారెక్క వైపు తిరిగి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు సాల్లేదు మే" అన్నాడు.

మారెక్క కొప్పెర వైపు చూసింది. తాగడం అయిపోయింది. ముంత బోర్లించడం కూడా అయిపోయింది. ఇప్పుడు కొప్పెరలో చెయ్యి పెడితే నిన్నటి మాటే మళ్లీ మొదలవుతుంది. ముసలాయన మాత్రం కదలకుండా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఉప్పు కుండ దగ్గరకు పోయింది. దోసిలి నిండా తీసింది.  అందరూ చూస్తుండగా కొప్పెరలో వేసి, తెడ్డు తీసుకుని కలిపింది.

పుల్లన్న తన గిన్నె చాపాడు. ఆయన వెనక ఒక బాలింత వచ్చి నిలబడింది, ఆమె వెనక ఇంకొకరు. ఏం కలిపినావని ఎవరూ అడగలేదు. గుంపు మెల్లగా వరసై, వరస కదిలింది.