పెద్దన్న కెలికిన సంగటి

కొత్తగా జీతం చేతికందే వయసులో, లోకంలో తనకు తెలియనిదేదీ లేదనిపిస్తుంది మనిషికి. నాకు ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ మాట పైకి కూడా అనేసేదాన్ని. కుప్పంలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అద్దె గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరు టీచర్లు. ఊర్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను మదనపల్లె. పొట్టిగా, గుండ్రంగా ఉండేది పుంగనూరు (ఆ ఊరి ఆవుల్ని చూసినవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు). నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందు ఒక ముద్ద లోపలికి పోవాల్సినది రామసముద్రం. వారమంతా మెస్సులో నీళ్ల సాంబారు తిని ఓర్చుకునేవాళ్లం. ఆదివారం మాత్రం రాజ్యం మాది. నేను ఊరినుంచి సంచిలో మోసుకొచ్చిన టమోటాలు, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల కారం, ఒంటి పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటిగా పప్పు, అన్నం, ఏదో ఒక వేపుడు. పొయ్యి మీంచి దించకముందే రుచి చూసీ చూసీ సగం ఖాళీ చేసేవాళ్లం. తక్కిన సగాన్ని నేలమీద కూర్చుని, గిన్నెలోనే చేతులు పెట్టి, ఉప్పెక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు పోట్లాడుకుంటూ ముగించేవాళ్లం. ఆ తర్వాత ముగ్గురమూ వెల్లకిలా పడుకుని సాయంత్రం ఏం వండుదామా అని మాట్లాడుకునేవాళ్లం.

ఆ రాజ్యానికి ముప్పు పుంగనూరు వాళ్లమ్మనుంచి వచ్చింది. గుండ్రంగా ఉన్న కూతురు చిక్కిపోయిందని ఆవిడకు బెంగ. రాగిసంగటి తినని ఒంట్లో బలం నిలవదని ఆవిడ నమ్మకం. ఎస్టీడీ బూతులో ఆ మాట పదిసార్లు విని విసిగిపోయిన మా పుంగనూరు, "ప్రతి ఆదివారం సంగటే సేసుకుంటాండామమ్మా" అని అనేసింది. నిజానికి మా ముగ్గురిలో ఎవ్వరమూ ఎప్పుడూ సంగటి కెలికి ఎరగం. ఇంకేముంది, ఒక ఆదివారం పొద్దున్నే వాళ్ల పెద్దన్న రాగిపిండి సంచీతో బస్సు దిగాడు. పెద్ద మీసాలు, తెల్ల పంచె. ఇంట్లో నీళ్లు కూడా తన చేత్తో ముంచుకోని మనిషని చెల్లెలు ముందే చెప్పి ఉంది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన పని దాచకుండా చెప్పేశాడు.

"అమ్మ సూసి రమ్మనిందమ్మా. సంగటి సేసుకుని తింటాంటే సరే. లేదంటే పాపను పెట్టె సర్దుకోమని సెప్పింది. సాయంత్రం బస్సుకు పిల్సకపోతా."

పుంగనూరు ముఖం పాలిపోయింది. సంగటిలోకి కోడి పులుసు రామసముద్రం చేతిలో పడింది కాబట్టి దాని గురించి చింత లేదు. సంగటి బాధ్యత నేను తీసుకున్నాను (బియ్యెస్సీ చదివినదాన్ని, పిండీ నీళ్లూ కలపలేనా). మరుగుతున్న ఎసట్లో పిండి కుమ్మరించి ఉప్మా తిప్పినట్టు గిరగిరా తిప్పేశాను. వాసన చూసి ఆయన వంటింట్లోకి వచ్చి తపేలాలోకి తొంగిచూశాడు.

"ఏమ్మా, ఇది సంగటా, గోలీలా?"

"మా మదనపల్లె పక్క ఇట్లే చేస్తారన్నా."

"మా అత్తగారిది కురబలకోట, మీ మదనపల్లె పక్కనే. ఆ పక్క నేను తినలేదా యేంది?"

"అయితే మీ అత్తగారు మీకు సరైంది పెట్టలేదన్నా."

రామసముద్రం చేతిలో గరిటె ఆగిపోయింది. పుంగనూరు నా కాలు తొక్కింది. అయినా నేను ఆగితే గదా.

"పిండి పోసినాక కదిలించగూడదమ్మా," అన్నాడాయన ఓపిగ్గా. "నడుమ బొక్క పెట్టి, మూతేసి, ఉడికినాక కెలకాల."

"ఎందుకు కదిలించకూడదో కారణం చెప్పండి."

"కారణమేందమ్మా, మా యమ్మ కదిలించదు."

"అది కారణం కాదన్నా, అలవాటు. ఇంతకీ మీరు ఎప్పుడైనా చేసినారా?"

"నేనా? నేనెందుకు సేస్తా?"

"చెయ్యనివాళ్లకు చెప్పే హక్కు లేదు."

ఆయన మీసాలు ఒకసారి అదిరాయి. పంచె ఎగ్గట్టాడు. "తప్పుకోమ్మా," అన్నాడు.

ఇక చూడాలి ఆ వైభవం. కొత్త ఎసరు, కొత్త పిండి, నడుమ బొక్క, మూత. కెలికే కట్టె లేదంటే చపాతీ కర్ర అందుకున్నాడు. తపేలాకు పాత దుప్పటి చుట్టి రెండు పాదాల నడుమ బిగించి, బావి తవ్వుతున్నట్టు కెలికాడు. చెమటలు కారుతున్నాయి. "అట్ల కాదన్నా, ఈ పక్కనుంచి," అని నేను. "నోర్ముయ్యమ్మా," అని ఆయన. పుంగనూరు తపేలా పట్టుకుని వేలాడుతోంది. చివరికి కర్ర పైకి లాగితే తపేలా కూడా దానితోపాటే లేచింది.

ముద్దలు కట్టి వడ్డించి, తనొక ముద్ద పులుసులో అద్ది మింగి, మా వైపు చూశాడు. "ఎట్లుండాది?"

దీన్ని సంగటి అనరు, పునాది అంటారు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మూలనున్న పుంగనూరు పెట్టె కనిపించింది. "బాగుండాదన్నా," అన్నాను. జన్మలో మొదటిసారి ఒక వాదన మింగాను. సంగటి కంటే అదే కష్టంగా దిగింది. ఆయన మాత్రం పసిపిల్లాడిలా నవ్వి, మూడు ముద్దలు తిన్నాడు.

సాయంత్రం బస్టాండులో నన్ను పక్కకు పిలిచాడు. "ఒక మాటమ్మా. నేను కర్ర పట్టినట్టు ఇంట్లో సెప్పాకండి. మా ఆడోళ్లు వింటే ఊరంతా నవ్వుతారు."

"మరి సంగటి ఎవరు చేసినారని చెప్తారన్నా?"

"ఎవురేముంది, మీరే సేసినారని సెప్తా. బెమ్మాండంగా సేస్తాండారనీ సెప్తా. అట్ల సెప్పకపోతే అమ్మ ఊరుకుంటాదా?"

బస్సు కదిలింది, పుంగనూరు మాతోనే ఉండిపోయింది. గదికి వచ్చేదాకా ముగ్గురమూ నడవలేక, నవ్వాపుకోలేక, రోడ్డు పక్కన రెండుసార్లు కూర్చున్నాం. కొన్ని వారాలు గడిచాయో లేదో, ఒక ఆదివారం చంకలో కోడితో ఆయన మళ్లీ దిగాడు. "అమ్మ ఇంకోతూరి సూసి రమ్మనింది," అన్నాడు. (ఆవిడకు ఆ సంగతే తెలియదని తర్వాత తేలింది.) పేపర్లో చుట్టి సొంతంగా ఒక కట్టె కూడా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు నాకు మదనపల్లెలో నాలుగు పొయ్యిల వంటిల్లుంది. ఆదివారాలు స్నేహితులొస్తారు. అందరికీ నా నోరంటే భయం కాబట్టి ఏం పెట్టినా తలూపి తింటారు. అప్పుడప్పుడు కావాలనే, సంగటికి పిండి పోయగానే తిప్పేయాలంటూ ఒక రాయి విసిరి చూస్తాను. ఎవరైనా కొంగు దోపుకుని లేచి, "తప్పుకో" అని నా చేతిలో కట్టె లాక్కుంటారేమోనని. "నువ్వు చెప్తే కరెక్టే అక్కా" అంటారు, కంచాలు ముందుకు జరుపుతూ. చేసేదేముంది, మళ్లీ నేనే కెలుకుతాను.