తౌడమ్మ మాటకు నేను చెప్పిన ఇంగ్లీషు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. సాలూరుకు ఇవతల, కొండ కింద మెట్ట పొలాల ఊరొకటి నా చేతిలో ఉండేది. చేతిలో ఉండేది అంటే నేనేదో జమీందారునని కాదు. ఒక విదేశీ సంస్థ సాయంతో నడిచే అడవుల పెంపకం ప్రాజెక్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. మోటార్ సైకిల్ మీద ఊళ్లు తిరగడం, బతికిన మొక్కలు ఎన్నో చూసి రాసుకోవడం, పైనుంచి ఎవరైనా వస్తే వాళ్ల ఇంగ్లీషు వీళ్లకీ, వీళ్ల తెలుగు వాళ్లకీ చెప్పడం నా పని. ఈ మూడోది నాకు బాగా వచ్చని గొప్పగా అనుకునేవాణ్ణి.

ఊరి వెనక బోడిగా చిన్న కొండ ఒకటి ఉంది, గట్టు అంటారు. దానిమీద కానుగ, నేరేడు, ఉసిరి నాటాలని ప్లాను. నర్సరీ తౌడమ్మకు అప్పగించాం. యాభై దాటిన రైతు మనిషి, నోరు కాస్త పెద్దది. మొక్కలు పెంచడానికి రూట్ ట్రైనర్లు పంపిస్తామన్నారు. అంటే లోపల గీతలున్న ప్లాస్టిక్ గొట్టాలు. వాటిలో వేరు చుట్ట చుట్టుకోకుండా నిటారుగా కిందికి దిగుతుంది. అవి ఈ వారం, పై వారం అంటూ ఎప్పటికీ రాలేదు. నేను ఫోన్లు చేస్తూ కూర్చుంటే ఆవిడ తాటాకులు కోయించి, దొప్పలు కుట్టి, మట్టి నింపి విత్తనాలు వేసేసింది.

"ఇదేటి పిన్నీ, దొప్పల్లోనా?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావు బాబూ? మీ డబ్బాలొచ్చీదాకా గింజ ఆగుతాదేటి?"

నాటేటప్పుడు దొప్పతో సహా గోతిలో పెట్టేశారు. ఆకు మట్టిలో కుళ్లిపోతుంది, వేరు కదలదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత చవకైన, ఇంత తెలివైన పని నేను చూడలేదు. సిగ్గేసింది కూడా.

దానికంటే కష్టమైన పని మేకల సంగతి. ఊరందరి మేకలూ ఆ గట్టు మీదే మేస్తాయి. తౌడమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "రెండేళ్లు కట్టేసుకోండి. నా మాట మీద కట్టేసుకోండి. సెట్లెదిగితే ఆకూ మనదే, నీడా మనదే" అని బతిమాలింది, తిట్టింది, కొందరితో నెలల తరబడి మాటలు మానేసింది. సర్పంచి చెప్తే వినని వాళ్లు ఆవిడ మాటకు మేకల్ని ఇంటిదగ్గర కట్టి మేత కోసి తెచ్చి వేశారు. ఆ ఊళ్లో ఆవిడకున్న ఆస్తి ఆ మాటే.

నాటిన ఏడాది చలికాలంలో సంస్థ తరఫున ఒక విదేశీ మేడమ్ వచ్చింది. మంచి మనిషి. ఎండలో గట్టెక్కి ప్రతి మొక్కా చూసింది, దొప్ప కుట్టడం నేర్చుకుంది. రెండో ఏడు ప్లానులో గట్టు మీద నీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. లైఫ్ సేవింగ్ ఇరిగేషన్ అంటాం మేం. పేరు పెద్దదే గానీ, నాటిన మొదటి వేసవిలో మొక్క చావకుండా పోసే నాలుగు చెంబుల నీళ్లే అది. మేడమ్ అడిగింది, నేను తెలుగులో చెప్పాను: "ట్యాంకు రాకపోతే ఏం చేస్తారని అడుగుతున్నారు పిన్నీ."

తౌడమ్మ గట్టు కింద దూరంగా కనిపిస్తున్న నూతి వైపు చూసింది. "ఏటి సేత్తాం బాబూ? సరిపెట్టుకుంటాం."

"దే విల్ మేనేజ్, మేడమ్" అన్నాను. మిట్టమధ్యాహ్నం దాటిపోయింది, సాలూరులో భోజనాలు చల్లారిపోతున్నాయి. మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది.

నాదీ ఈ గాలే, పుట్టింది అరసవల్లిలో. సరిపెట్టుకోవడమంటే ఏమిటో నాకు తెలియదా? కూర చాలనప్పుడు అందరికీ వడ్డించేసి, తను గంజిలో ఉప్పు వేసుకుని తాగి లేచే మా అమ్మ చేసింది సరిపెట్టుకోవడం. అది చేతనైన పని కాదు, గతిలేని పని. నేను చెప్పిన ఇంగ్లీషులో మాత్రం అది సామర్థ్యం అయిపోయింది.

మాఘంలో మా డైరెక్టర్ ఫోన్ చేశాడు. "కంగ్రాట్స్ అయ్యా! మీది మోడల్ విలేజ్ అయింది."

"ట్యాంకు ఎప్పుడొస్తుంది సార్?"

"ట్యాంకు వేరే ఊరికి ఇచ్చారు. వెనకబడ్డ ఊరికి. మీ వాళ్లు మేనేజ్ చేస్తారని చెప్పింది నువ్వే కదయ్యా!"

నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. గట్టిగా పోట్లాడానా అంటే, లేదు. ఉద్యోగం గుర్తొచ్చింది.

రోహిణీ కార్తెలో తౌడమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు బిందెలతో గట్టెక్కారు. నూతిలో నీళ్లు అడుగంటాక ఇద్దరు మానేశారు, తర్వాత మిగిలిన ఇద్దరూ. ఆవిడ ఒక్కతే కింది వరుసలకు పోస్తూ వచ్చింది. తొలకరికి నేను వెళ్లేసరికి ఆ రెండు వరుసలే పచ్చగా ఉన్నాయి. పైదంతా పుల్లలు. "తౌడమ్మా, నీ అడివిలోకి మేకల్ని తోలీమంటావా?" అని ఒకాయన అరుగు మీంచి నవ్వుతూ అడిగాడు. అడిగాడే గానీ, అప్పటికే తోలేశారు. ఆ రెండు వరుసలూ వారం నిలవలేదు.

ఆ నెలలోనే సంస్థ వాళ్ల రంగుల పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద దొప్ప పట్టుకుని నవ్వుతున్న తౌడమ్మ. ఇవ్వకుండా దాచలేక తీసుకెళ్లి ఇచ్చాను.

"ఏటి రాసారు, సదువు" అంది.

తక్కువ వనరులతో ఎక్కువ సాధించారని, ట్యాంకు లేకపోయినా చేసుకోగలమని తౌడమ్మే ధీమాగా చెప్పిందని చదివి వినిపించాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నానలాగ సెప్పినానా? నా మాట మీద మేకల్ని కట్టుకున్నోరు ఇప్పుడు నన్ను సూసి తల తిప్పుకుంటన్నారు. ఆ మేడమ్‌కి తెలుగు రాదు బాబూ, సరే. నీకూ రాదేటి?"

ఇప్పుడూ అదే ఉద్యోగం, అదే మోటార్ సైకిల్. ఎవరైనా సరిపెట్టుకుంటాం అంటే "వాళ్ల వల్ల కాదంటున్నారు" అని ఇంగ్లీషులో ఖరాఖండిగా చెప్తున్నాను. ఆఫీసులో నాకు నెగెటివ్ మనిషినని పేరొచ్చింది, రానీ. తౌడమ్మ ఊరికి మళ్లీ మొక్కలిద్దామని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే జవాబు: అది మోడల్ విలేజ్ కదా, దానికి మన సాయం అక్కర్లేదు.