తీగకు వేడి చేసింది

ఆఫీసు బస్సు దిగబోతుంటే నడుము పట్టేసింది. మెట్టు మీదే ఆగిపోయాను. అప్పటిదాకా ఆ నొప్పి రాత్రిపూట వచ్చి, ఒక మాత్రతో పోయేది. ఆ రోజు పగలే వచ్చింది.

చందానగర్‌లో మా ఇంటి ఓనరమ్మ విని, "కూసొని కూసొని వేడి చేసింది బిడ్డా. సబ్జా నీళ్లు తాగు" అంది. తాగాను. ఫిజియోథెరపీ, కొత్త కుర్చీ, కొత్త పరుపు కూడా అయ్యాయి. చివరికి సీటీ స్కాన్‌లో వెన్నుపూసలో చిన్న గడ్డ కనిపించింది.

"ఆస్టియాయిడ్ ఆస్టియోమా. క్యాన్సర్ కాదండి" అన్నారు రేడియాలజిస్ట్ మేడమ్. "సూది పెట్టి ఆర్ఎఫ్ అబ్లేషన్ చేస్తాం, అంటే రేడియో తరంగాల వేడితో కాల్చేస్తాం. పక్కనే కాలికి వెళ్లే నరం ఉంది. అదొక్కటే భయం."

వేడి నరం దాకా వస్తే తెలియడానికి అక్కడ థర్మోకపుల్ అనే సన్నని లోహపు తీగ పెట్టారు. అది నరానికి ప్రమాదమైన నలభై అయిదు డిగ్రీలు చూపించగానే, గడ్డ పూర్తిగా కాలకముందే ఆపేశారు. కొన్ని వారాలకే నొప్పి తిరిగొచ్చింది. మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కే ఓపిక లేదు. ఎక్కకపోతే రోజూ మాత్రే.

కోకాపేటలో నా ఉద్యోగం, రేడియో తరంగాలతో వేడెక్కే ప్లాస్టిక్‌ల ఉష్ణోగ్రత కొలవడం. పేషెంట్‌నయ్యాక అది గుర్తు రావడానికి ఇన్నాళ్లు పట్టింది. మళ్లీ రేడియాలజిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"ఆ తరంగాల్లో తీగ తానే వేడెక్కి, తన వేడినే చూపించవచ్చు మేడమ్. మా ఆఫీసులో తరంగాలను క్షణం ఆఫ్ చేసి చూస్తాం. అంకె ఒక్కసారిగా పడిపోతే ఆ వేడి తీగది. మెల్లగా దిగితే పదార్థానిది."

"చూద్దామండి" అన్నారావిడ. " కానీ అంకె ఒక్కదాన్నే నమ్మను. మీకు పూర్తి మత్తు ఇవ్వం. అడిగినప్పుడల్లా కాలివేళ్లు కదపాలి."

మళ్లీ ఆ బల్ల మీద బోర్లా పడుకున్నాను. నలభై అయిదు వచ్చింది.

"ఆఫ్... అంకె వెంటనే పడిపోయింది. వేళ్లు?"

కదిపాను.

"ఆన్."

అలా ఆపుతూ, చూస్తూ, ఈసారి గడ్డంతా కాల్చారు. సూది తీశాక అన్నారు: "పోయినసారి వేడి చేసింది మీ నరానికి కాకపోవచ్చండి, మా తీగకి."

ఇంటికొచ్చాక ఓనరమ్మ అడిగింది. "ఏం జేసిన్రు దవాఖానల?"

"వేడి చేశారు ఆంటీ."

"పరాచికాలు చాలుగని, జర పండుకో" అని సబ్జా నీళ్లు పెట్టి పోయింది.

ఇప్పుడు మాత్ర లేకుండా నిద్ర పడుతోంది. అలసట మాత్రం పోలేదు. మధ్యాహ్నానికే ఒళ్లు వాలిపోతుంది. పొద్దున మెలకువ రాగానే ఇప్పటికీ ముందు కాలివేళ్లే కదుపుతాను.

నొప్పి ఎంత అని డాక్టర్ అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకోకండి. మాత్ర పనిచేస్తున్నప్పుడు ఎంత, దాని ప్రభావం పోయాక ఎంత, రెండూ చెప్పండి. నేను చాలాకాలం మొదటిదే చెప్పి, అసలు జబ్బు బయటపడక, పరుపులు మార్చుకుంటూ కూర్చున్నాను.