స్కేలు పెట్టిన మచ్చ

చర్మవ్యాధుల ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఫోటో బాబాయ్ అంటారు. పెళ్ళిళ్ళలో "నవ్వండి, నవ్వండి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, చివరికి నవ్వమనక్కర్లేని మచ్చల దగ్గర స్థిరపడ్డాడు. మచ్చలు కదలవు, నేను లావుగా పడ్డానని పేచీ పెట్టవు. హాయైన ఉద్యోగం!

ఈమధ్య ఆసుపత్రికి ఒక కంప్యూటర్ వచ్చింది. బాబాయ్ ఏళ్ళ తరబడి తీసిన ఫోటోలన్నీ దానికి చూపించి, ఏది క్యాన్సరో ఏది కాదో నేర్పించారు. ఇప్పుడు కొత్త ఫోటో పెడితే అనుమానమైతే ఎరుపు, కాకపోతే ఆకుపచ్చ చూపిస్తుంది. "అది నా శిష్యుడే" అని బాబాయ్ కనిపించినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

ఆ ధీమాతోనే భార్యను తీసుకొచ్చాడు. ఆవిడ పిక్క మీది పుట్టుమచ్చ కొన్నాళ్ళుగా అంచులు వంకరపోయి నల్లబడుతోంది. "ఒంట్లో ఇన్ని నొప్పులుంటే మచ్చ మీద పడ్డారేంటండీ" అని సణుగుతూనే పిన్ని కాలు చాపింది. మచ్చ పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీశాడు. ఎరుపు! కంగారులో స్కేలు కిందపడింది. అది లేకుండానే ఇంకో ఫోటో తీశాడు. పచ్చ. స్కేలు పెట్టాడు, ఎరుపు. తీసేశాడు, పచ్చ.

"ఇదేం కంప్యూటరండీ, క్షణానికో మాట? అచ్చం మీ అక్కయ్యలాగే!" అంది పిన్ని.

బాబాయ్ పరిగెత్తుకెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె ఫోటోలన్నీ చూసి తల పట్టుకుంది.

"బాబాయ్, ఇన్నాళ్ళూ నేను అనుమానపడి కొలత అడిగిన మచ్చలకే కదా నువ్వు స్కేలు పెట్టేది? ఇది మచ్చను చూడ్డం నేర్చుకోలేదు. స్కేలు కనబడితే క్యాన్సర్ అనడం నేర్చుకుంది!"

"అంటే మా ఆవిడది మంచి మచ్చేనా?"

"అలా అనలేను."

"అయితే చెడ్డదా?"

"అదీ అనలేను. ముక్క కోసి పరీక్షకి పంపితేనే తెలుస్తుంది."

కోత అనగానే పిన్ని లేచి చెప్పులేసుకుంది. "పచ్చ కూడా వచ్చిందిగా! నాకు పచ్చే చాలు. పదండి ఇంటికి."

బాబాయ్ ఇరుకున పడ్డాడు. కోయమంటే పెళ్ళానికి కోపం, వద్దంటే ఆ మచ్చ ఏం చేస్తుందో తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సొంత శిష్యుడే నట్టేట ముంచాడు.

గుమ్మం దాకా వెళ్ళిన పిన్ని వెనక్కి తిరిగింది. "అవునూ, అనుమానం ఉన్న మచ్చలకే స్కేలు పెడతారన్నారు. మరి నాకు పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరెందుకు పెట్టారు?"

బాబాయ్ స్కేలు జేబులో దాచుకున్నాడు. "భయమేసింది," అన్నాడు.

పిన్ని చెప్పులు విడిచేసింది. వచ్చి మళ్ళీ బల్ల మీద కూర్చుని కాలు చాపింది.

"కోసెయ్యండి డాక్టరమ్మా," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "భయమేసిందన్న ఆ ముక్కేదో ఇంట్లోనే చెప్పొచ్చుగా! ఇటు రండి, నా చెయ్యి పట్టుకోండి."