గ్రహణం ఎన్నో నెలలో పట్టింది?

2022 చివర్లో సంగతి. ఆత్మకూరు బస్ డిపో దగ్గర నా డెంటల్ క్లినిక్. కొండాపురం వైపు నుంచి సలోమి ఎనిమిదేళ్ల కూతుర్ని, అత్తను వెంటబెట్టుకొని వచ్చింది. పాప గ్రహణం మొర్రితో పుట్టింది. పసితనంలోనే పెదవి కుట్టించారు గానీ, ఆ పక్క ముందుపన్ను రావడం లేదు. ఎక్స్‌రే తీస్తే టూత్ బడ్, అంటే పన్ను మొలిచే మొగ్గే లేదు.

సలోమి ఎక్స్‌రే వైపు చూడలేదు. చెయ్యి కడుపు మీదే ఉంది. ఐదో నెల, మర్నాడే స్కానింగ్. మొన్నటి గ్రహణానికి అత్త ఆమెను చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. ఆ అత్తేమో ఆదివారం చర్చి మానని మనిషి! నాకు ఒళ్లు మండింది.

తెలిసినంత చెప్పాను. కడుపులో బిడ్డ ముఖం విడివిడి భాగాలుగా పెరిగి, తర్వాత కలుస్తుంది. ఏ జన్యువు పని ఎప్పుడు తగ్గాలో చూసే అతి చిన్న అణువులు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. వాటి తీరు తప్పితే పెదవి కలవకపోవచ్చు, పన్ను మొలవకపోవచ్చు. ఫలానాదే కారణమని మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేరు. సలోమి తలూపింది. చెయ్యి మాత్రం కడుపు మీంచి తియ్యలేదు.

మర్నాడు స్కానింగ్ రిపోర్టుతో ముగ్గురూ మళ్లీ వచ్చారు. బిడ్డ పెదవి బాగుంది. హమ్మయ్య అనుకున్నాను.

"కదలకుండా పండబెట్టినాను కాబట్టే గట్టెక్కినాం మేడం," అంది అత్త.

సలోమి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దది కడుపులో ఉన్నప్పుడు గ్రహణం వేళ తను చేపలు కోసిందట.

"అయితే దాన్ని అట్ట చేసింది నేనే గదా మేడం?"

మంచి కబురే ఆమె మెడకు చుట్టుకుంది. ఆ గ్రహణం ఎన్నో నెలలో పట్టిందని అడిగాను.

"ఎనిమిదో నెల."

"పెదవి కలిసేది రెండో నెలలోనమ్మా. నువ్వు కత్తిపీట ముందు కూర్చునేనాటికే పాప పెదవి అట్లా ఉంది."

సలోమి పాపను ఒళ్లోకి లాక్కొని ఏడ్చింది.

అప్పట్నుంచి మొర్రి ఉన్న బిడ్డతో ఏ తల్లి వచ్చినా, నోరు చూడకముందే గ్రహణం ఎన్నో నెలలో పట్టిందని అడుగుతున్నాను. ఏడో నెల, తొమ్మిదో నెల అంటే ఊపిరి పీల్చుకుంటాను. ఏదో ఒకరోజు ఎవరో ఒకామె రెండో నెల అంటుంది. అప్పుడూ గ్రహణానికి ఏ సంబంధమూ ఉండదు. కానీ ఆమెను నమ్మించేదెట్లా అని నాకిప్పటికీ భయమే.